చీమలెక్కని బల్ల

నేను ఒక బల్లను. అన్నం తినే బల్లను కాదు, పిల్లలు చదువుకునే బల్లనూ కాదు. ఇంట్లో పాటలు రికార్డు చేసుకునే గదిలో మైకునూ స్పీకర్లనూ మోయడానికి పుట్టినదాన్ని. నా ముందు కూర్చున్న మనిషి గొంతు విప్పితే ఆ గొంతు చెడకుండా మైకు దాకా చేరాలి. అందుకే నన్ను చేశారు. చేసినవాడు ప్రేమగా చేశాడు. ఆ మాట ముందే చెబుతున్నాను, జరిగిందంతా విన్నాక అతని గురించి మీరు మరోలా అనుకుంటారేమోనని.

నా చెక్క ఈ దేశానిది కాదు. ఎక్కడో చలి దేశంలో నిటారుగా పెరిగిన చెట్టును. మిల్లులో కోసి, పలకలు వరసగా పేర్చి, అడ్డపట్టీలు కొట్టి, సరుకు కింద పెట్టే చట్రంగా మార్చారు. దాన్ని ప్యాలెట్ అంటారు. మనుషులు సరుకును ఒకటికి నాలుగుసార్లు చూసుకుంటారు గాని, సరుకు కింద ఉన్న చెక్కను ఎవరూ చూడరు. మా మీద నీలం రంగు పీపాలు ఎక్కించి ఓడలో పెట్టారు. సముద్రం మధ్యలో ఓడ ఊగిన ఊపుకి ఒక పీపా మూత సడలింది. అందులోంచి నూనెలాంటిది బొట్టు బొట్టుగా నా మీద పడింది. పురుగుల్ని చంపే మందుల్లో కలిపే ద్రవమది. ఎండిన చెక్కకు దాహం ఎక్కువ. ఏది పోస్తే అది తాగుతుంది. నేనూ తాగాను. విశాఖపట్నం రేవులో దిగేసరికి అదంతా నాలో ఇంకిపోయింది. పైకి తడి కూడా లేదు.

పీపాలు ఏదో ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాయి. మమ్మల్ని గాజువాక అవతల ఒక పాత సామాన్ల యార్డులో పారేశారు. ఎండకీ వానకీ మిగతా ప్యాలెట్లన్నీ తెల్లబడి, నెరిసిన జుట్టులా అయిపోయాయి. ఆ ద్రవం తాగిన మేం మాత్రం ముదురు గోధుమరంగు తేలి, మధ్యమధ్య నల్లటి చారలతో చూడముచ్చటగా తయారయ్యాం. అచ్చం టేకులాగే. దాలినాయుడు మమ్మల్ని ఎంచుకున్నది ఆ అందం చూసే.

దాలినాయుడు ఒక టెంట్ హౌస్‌లో పనిచేసేవాడు. పెళ్ళిళ్ళకీ సభలకీ మైకులు, స్పీకర్లు అమర్చడం అతని పని. అతని భార్య నూకరత్నం. ఆమె పేరు ఎవరికీ తెలియదు గాని, ఆమె గొంతు తెలియని వీధి ఆ చుట్టుపక్కల లేదు. ఉల్లిపాయల ఆటో మీద “రండమ్మా, రండి, కొత్త ఉల్లి వచ్చింది” అని పిలిచేది ఆ గొంతే. ఎండుచేపల బండి మీద, టార్పాలిన్లు అమ్మే వ్యాను మీద, రక్తదాన శిబిరం రిక్షా మీద వినిపించేదీ అదే. ఎవరి అంగడికి ఏం కావాలన్నా ఆమె ఒక్కసారి రికార్డులో చెబితే, దాన్ని ఏడాది పొడుగునా వీధుల్లో తిప్పుకునేవారు.

కానీ ఆమెకి అసలు ఇష్టం వేరే ఉంది. చోడవరం దగ్గర పుట్టిన ఊళ్ళో నాట్లు వేస్తూ ఆడవాళ్ళు పాడే పాటలు ఆమెకి బోలెడు వచ్చు. అవి ఎక్కడా రికార్డు కాలేదు. వాటిని ఎవరినీ అడుక్కోకుండా, ఇంటి వెనక ఖాళీగా ఉన్న రేకుల గదిలోనే తీరిగ్గా పాడి దాచాలన్నది ఆమె కోరిక. ఆ కోరిక తీర్చడానికే దాలినాయుడు యార్డుకి వచ్చాడు.

“పొయ్యిలోకేటి?” అని అడిగాడు యార్డు యజమాని.

“కాదు, స్టూడియోకి.”

యజమాని అతన్ని ఎగాదిగా చూశాడు. “స్టూడియోకి సెక్కెందుకురా నాయనా, ఫొటోలు తీస్తావేటి?”

దాలినాయుడు నవ్వి, తెల్లబడిన ప్యాలెట్లన్నీ పక్కకి నెట్టి, మా చారల్ని అరచేత్తో తుడిచి చూసుకున్నాడు. మా ఒంటికి ఒకచోట చిరిగిన కాగితం ముక్క అంటుకుని ఉంది. ఎర్రటి గీతలు, ఏవో తెలియని అక్షరాలు. ఇంటికి తెచ్చాక కత్తితో దాన్ని గీకేశాడు.

అతను వడ్రంగి కాడు. ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నాడు. తుప్పు మేకులు ఊడదీయడానికే చేతులు బొబ్బలెక్కాయి. అయినా పని బాగా చేశాడు. పైపలక ముందుకి కాస్త వాలుగా ఉండేలా అమర్చాడు, చదునుగా ఉంటే గొంతు దాని మీద పడి మళ్ళీ మైకులోకి దూకుతుందట. కింద కీబోర్డు పెట్టుకునే అర, రెండు పక్కలా స్పీకర్లు చెవి ఎత్తుకి వచ్చేలా మొద్దులు. అద్దెకి తెచ్చిన మెషీనుతో నన్ను నున్నగా అరగదీస్తుంటే లేచిన పొడి అతని కనుబొమల మీద, పెదాల మీద పేరుకుంది. అతను దాన్ని నాలుకతో తడుపుకుని ఉమ్మేశాడు. నాకు నోరుంటే అప్పుడే అరిచేదాన్ని. మాట్లాడేవాళ్ళ కోసం చేసిన వస్తువుకి మాట లేకపోవడం కన్నా విచిత్రం ఉందా?

గోడలకి గోనెసంచుల్లో పాత పరుపుల దూది కుక్కి తగిలించాడు. కిటికీని అట్టలతో మూశాడు. తలుపు సందుల్లో రబ్బరు పట్టీలు కొట్టాడు. బయటి చప్పుడు లోపలికి రాకూడదు, లోపలి గాలి బయటికి పోకపోయినా ఫరవాలేదు.

రత్నం మొదటిసారి వచ్చి నన్ను చూసింది. నా అంచుల వెంట వేలితో నిమురుతూ వెళ్ళింది.

“ఇది నువ్వు సేసినావా బావా? కొనలేదు కదా?”

“కొంటే ఇలాగుంటాదేటే!” అన్నాడు దాలినాయుడు. అతని ముఖంలో వెలుగు నేను మర్చిపోలేను.

అప్పటికప్పుడే ఆమె కూర్చుని ఒక నాట్ల పాట ఎత్తుకుంది. పైస్థాయికి వెళ్ళినకొద్దీ సన్నబడకుండా, పొలం ఆ చివర ఉన్నవాళ్ళని కూడా పిలిచినట్టు నిండుగా సాగే గొంతు అది. నా పలకలు సన్నగా కంపించాయి. అంత హాయి నా బతుకులో మళ్ళీ ఎరగను.

దాలినాయుడు నన్ను తయారుచేసిన తీరంతా ఫోన్‌లో పట్టి పెట్టాడు. చవకలో స్టూడియో బల్ల ఎలా చేసుకోవచ్చో చూపించిన ఆ వీడియో ఊళ్ళు దాటి పాకింది. శ్రీకాకుళం నుంచి లక్ష్మణ పట్నాయక్ అనే ఆయన ఫోన్ చేశాడు. పిల్లలకి కీబోర్డు నేర్పే మాస్టారు. తనకీ అలాంటిదే ఒకటి కావాలన్నాడు. నా చెక్కలోనే మిగిలిన పలకలతో దాలినాయుడు నాకొక తమ్ముణ్ణి చేసి, వ్యానులో పంపించాడు. వాడికీ అవే చారలు, అదే వాలు.

ఎండలు ముదిరాయి. ఫ్యాను తిరిగితే మైకులో గాలి చప్పుడు పడుతుందని రికార్డింగు ఉన్నంతసేపూ ఆపేసేవారు. రేకులు కాగేవి. అవి కాగినకొద్దీ నాలో ఇంకినది నెమ్మదిగా పైకి లేచేది. దానికి రంగు లేదు. కాస్త తీపి కలిసిన వాసన మాత్రం ఉంది.

“సెక్క వాసన సూడు రత్నం, ఎంత బాగున్నాదో!” అని దాలినాయుడు గుండెల నిండా పీల్చేవాడు.

ఆ గదిలో చీమ కనిపించేది కాదు. దోమ వాలేది కాదు. గోడ మీద ఒక్క పురుగైనా పాకేది కాదు. వంటింట్లో పంచదార డబ్బా చుట్టూ నీళ్ళు పోసి కాపాడుకునే మనిషికి అదొక వరంలా అనిపించింది. “దేవుడి గదిలాగ ఉన్నాది” అని రత్నం మురిసిపోయింది.

మొదట కళ్ళు మండాయి. తర్వాత తలనొప్పి. పాడటం మొదలుపెట్టిన కాసేపటికి గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయ్యేది. మంచినీళ్ళు తాగేది, మళ్ళీ ఎత్తుకునేది. పైస్థాయి దగ్గర గొంతు చిరిగిన గుడ్డలా రెండుగా విడిపోయేది. డాక్టరుకి చూపించుకుంటే లోపల వాచిందన్నాడు, పొగ, దుమ్ము తగలకుండా చూసుకోమన్నాడు. ఫ్యాక్టరీల మధ్యనున్న గాజువాకలో పొగనీ దుమ్మునీ తప్పుపట్టడానికి ఎవరికీ ఆలోచన అక్కర్లేదు. వీధిలోకి వెళ్ళడం మానేసి ఆమె ఎక్కువసేపు నా గదిలోనే, తలుపు బిగించుకుని కూర్చోసాగింది.

ఒక మధ్యాహ్నం బయట ఉల్లిపాయల ఆటో వెళుతోంది. దాని మీద ఆమె పాత గొంతు గోనెల్ని కూడా దాటుకుని గలగలా పిలుస్తోంది. లోపల రత్నం అదే మాట టమాటాల కోసం మార్చి చెప్పాలి. ‘రండమ్మా’ దగ్గరే గొంతు పట్టేసింది. ఆమె ఆగిపోయి, ఆటో వీధి మలుపు తిరిగేదాకా విన్నది.

“అది నాదేనా బావా?” అని అడిగింది.

దాలినాయుడు మైకు ఆపేశాడు.

గొంతుకి విశ్రాంతి ఇద్దామని ఆమె చోడవరంలో అక్క ఇంటికి వెళ్ళింది. ఉన్న కొద్ది రోజుల్లోనే గొంతు తేరుకుంది. ఫోన్‌లో భర్తకి ఒక చరణం పాడి వినిపించింది. అతను ఆనందంతో గదంతా తుడిచి, నన్ను తడిగుడ్డతో శుభ్రం చేసి ఎదురుచూశాడు. ఆమె వచ్చి నా ముందు కూర్చున్న పూటే గొంతు మళ్ళీ పోయింది.

“ఈ గదిలోనే ఏదో ఉన్నాది,” అంది రత్నం. “బయట పాడగలుగుతన్నాను. ఇక్కడికొస్తే ఎవరో పీక నొక్కినట్టవుతంది.”

“గదికేటయ్యింది? నా సేతుల్తో కట్టుకున్న గది ఇది.” దాలినాయుడి స్వరం పెరిగింది. “నీకు మైకంటే బయ్యం పట్టుకున్నాది. పెద్ద పాటలనేసరికి వణుకొస్తంది నీకు.”

“ఊరూరా నా గొంతు తిరుగుతంటే నాకు మైకంటే బయ్యవా?”

అతను ఆ రోజంతా ఆమెతో మాట్లాడలేదు. ప్రేమగా చేసిన వస్తువుని అనుమానిస్తే మనిషికి తన ప్రేమనే అనుమానించినట్టుంటుంది. అతనికి తలనొప్పి లేదా అంటే ఉంది. వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కేవి. పెళ్ళిళ్ళలో స్పీకర్ల పక్కన నిలబడటం వల్ల అనుకునేవాడు.

గొంతు కోసం ఆమె వేడినీళ్ళలో బెల్లం కలుపుకుని తాగుతుండేది. ఒకసారి గ్లాసు తొణికి నా మీద కొంచెం, గుమ్మం మీద కొంచెం ఒలికింది. తుడవడం మర్చిపోయింది. మర్నాడు పొద్దున్న తలుపు తీసేసరికి గుమ్మం మీద చీమలు నల్లగా ముసురుకుని ఉన్నాయి. నా మీద మరక ఉన్నది ఉన్నట్టే, జిగురుగా మెరుస్తోంది.

రత్నం అక్కడే నిలబడిపోయింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి చిన్న బెల్లంముక్క తెచ్చి నా మధ్యలో పెట్టింది. చీమలున్న చోటి నుంచి కాగితం మీద కొన్నింటిని ఎక్కించి, నా అంచున వదిలింది. అవి అటూ ఇటూ తిరిగాయి. బెల్లం వైపు కొంచెం దూరం వచ్చాయి. తర్వాత వాటి నడక తప్పింది. ఒక్కొక్కటే వెల్లకిలా పడి, కాళ్ళు ముడుచుకున్నాయి.

ఆమె అరవలేదు. బయటికి వెళ్ళి భర్తను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

“సూడు,” అంది.

అతను చూశాడు. వంగి, మళ్ళీ చూశాడు. స్పీకర్లు దింపి నన్ను వెల్లకిలా తిరగేశాడు. మెషీను తగలని నా అడుగుభాగంలో మరక పీపా అంచు ఆకారంలో గుండ్రంగా, జిడ్డుగా ఉంది. అతను నేల మీద చతికిలబడ్డాడు.

“కాయితం ముక్క ఒకటుండేది రత్నం. ఎర్రగా. పుర్రె బొమ్మ సగం ఉన్నాది. పాత స్టిక్కరనుకుని గీకీసినాను.”

రత్నం అతన్ని తిట్టి ఉంటే బాగుండేది. “ముందు బయటికి రా బావా,” అని మాత్రం అంది.

మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఈసారి సంగతంతా చెప్పారు. వాపు తగ్గుతుందన్నాడు, పైస్థాయి తిరిగి వస్తుందో లేదో చెప్పలేనన్నాడు. ఆ చెక్కను కాల్చొద్దని, ఎవరికీ ఇవ్వొద్దని, ఫ్యాక్టరీల విషపు చెత్త తీసుకెళ్ళేవాళ్ళకే అప్పగించమని గట్టిగా చెప్పాడు. దాలినాయుడు ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని నన్ను పెరట్లో విప్పాడు. ప్రతి మరనూ తనే బిగించాడు, ప్రతి మరనూ తనే తీశాడు. పలకల్ని ప్లాస్టిక్ పట్టాలో చుడుతుంటే పక్కింటావిడ గోడ మీంచి చూసి, నీళ్ళు కాచుకోవడానికి ఇమ్మని అడిగింది. అతను ఇవ్వనన్నాడు. ఎందుకో చెప్పలేక తలదించుకున్నాడు. రత్నమే గోడ దగ్గరికి వెళ్ళి, బొంగురుపోయిన గొంతుతో చెప్పింది.

ఆ సాయంత్రం ఆమె అడిగింది. “శ్రీకాకుళం మాస్టారికి ఫోన్ సేసినావా?”

అతను ఫోన్ బోర్లా పెట్టాడు.

“ఆయన దగ్గరికి పిల్లలొస్తారు బావా.”

“తెల్సు.” అతను చేతుల్లో ముఖం దాచుకున్నాడు. “సెప్తే ఏటవుతాదో తెల్సా? ఇకనుంచి నాను మైకు తగిలించినా, వైరు లాగినా, ఇందులో ఏటున్నాదోనని అడుగుతారు. నాకింకెవుడు పనిస్తాడే?”

“నా గొంతు పోయింది గనక నాకు తెల్సింది. ఆలకేటి తెల్సు?”

అతను ఫోన్ చేశాడు. లక్ష్మణ పట్నాయక్ మంచివాడు, కోప్పడలేదు. కానీ ఆ బల్ల తన దగ్గర లేదన్నాడు. ఇల్లు మారినప్పుడు కొత్త గదిలో పట్టక, వీధిలో వచ్చిన పాత సామాన్ల బండికి వేసేశాడట. బండివాడు ఎవరో తెలియదు. శ్రీకాకుళంలోనే ఎవరో కొనుక్కుని ఉంటారన్నాడు.

దాలినాయుడు ఇంకో వీడియో చేశాడు. మొదటిదాన్ని చెరిపేసి, జరిగిందంతా చెప్పి, ఎక్కడిదో తెలియని ప్యాలెట్ చెక్కను ఇంట్లో పెట్టుకోవద్దని దండం పెట్టాడు. మొదటి వీడియోని చూసిన జనంలో పిడికెడుమంది కూడా దీన్ని చూడలేదు. చవకగా దొరికేది చూపిస్తే ఆగి చూసే వేళ్ళు, దాని వెనక ఏముందో చెబితే ఆగవు.

అప్పుడు రత్నం అంది, “వీడియో వొద్దు. నాను సెప్తాను. నాకు వొచ్చిన పనే కదా.”

పెరట్లో, తలుపులూ గోనెలూ ఏమీ లేని చోట, స్టీలు కుర్చీ మీద ఫోన్ పెట్టుకుని ఆమె చెప్పింది. పక్కన కోళ్ళ అరుపులు కూడా పడ్డాయి. పడనిమ్మంది. వారం తిరక్కుండానే ఆ మాటలు ఆటో మీద స్పీకరు పెట్టుకుని శ్రీకాకుళం వీధుల్లో తిరగడం మొదలుపెట్టాయి. ఆటో దాలినాయుడు నడిపాడు. వెనక రత్నం కూర్చుంది. ఆమె కాళ్ళ దగ్గర, లోపలిది కనిపించే ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టిన నా పలక ఒకటి. చారలు ఎలా ఉంటాయో జనానికి చూపించడానికి నన్ను తెచ్చారు. మిగతా నా ఒళ్ళంతా విషపు చెత్త లారీలో ఎటో వెళ్ళిపోయింది.

“అమ్మా, అయ్యా, ఒక్క మాటినండి. టేకు రంగు బల్ల, నల్ల చారలుంటాయి. ముందుకి కాస్త వాలుగా ఉంటాది. కింద కీబోర్డు పెట్టే అర ఉంటాది. పాత సామాన్లలో మీరు కొనుంటే, దాన్ని ముట్టుకోకండి. దాని మీద చీమ కూడా ఎక్కదు. అది సేసింది మేమే. ఆ సెక్కలో విషమున్నాది. నా గొంతు ఇలాగయ్యింది దానివల్లే.”

ఉల్లిపాయల పిలుపు వినిపిస్తే ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని బయటికి వచ్చేవారు. ఈ పిలుపు వినిపిస్తే కొందరు తలుపులు వేసుకున్నారు. కొందరు నవ్వారు. ఒకాయన ఆటో ఆపి, ఇదేదో కొత్తరకం మోసమని కేకలేశాడు. దాలినాయుడు కిందికి దిగి ఆయనకి దండం పెట్టి, మళ్ళీ ఎక్కి బండి నడిపాడు. వీధి తర్వాత వీధి. ఆమె గొంతు గోడలకి రాసుకుంటూ గరగరమని వెళ్ళింది.

ఒక పొద్దున్న, నాగావళి ఒడ్డు వైపు సన్నటి సందులో, ఒకావిడ గేటు తీసుకుని బయటికి వచ్చింది. చేతికి పిండి అంటుకుని ఉంది.

“ఏదండీ, ఆ సెక్క ఓపాలి సూపించండి.”

రత్నం సంచి పైకెత్తి చూపించింది. ఆవిడ దగ్గరికి వచ్చి, నా చారల్ని చూసి, రెండడుగులు వెనక్కి వేసింది. “ఓలమ్మో,” అని లోపలికి పరుగెత్తింది. “ఒలే, లెగు! ఆ బల్ల కాడినుంచి లెగు!”

దాలినాయుడు వెనకే వెళ్ళి, ముక్కుకి గుడ్డ కట్టుకుని మా తమ్ముణ్ణి ఒక్కడే మోసుకుని అరుగు మీదికి తెచ్చాడు. వాడి మీద పువ్వుల ప్లాస్టిక్ గుడ్డ పరిచారు. కింద అరలో రాసుకునే పలక, రంగు పెన్సిళ్ళు, బడి పుస్తకాలు. వాణ్ణి అప్పుడు చూశాను. నా అంత అందంగానే ఉన్నాడు.

వాడి వెనకే జడలు వేసుకున్న చిన్న పిల్ల వచ్చి తల్లి కొంగు పట్టుకుంది.

“దీనికి జలుబు తగ్గటం లేదండి,” అంది తల్లి. “నదిగాలనుకున్నాం. కిటికీ మూసి సదివిస్తన్నాం.”

రత్నం ఆటో దిగి వచ్చి పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఆమె గొంతు విని పిల్ల కొంచెం జంకింది.

“నీ పేరేటమ్మా?”

“లావణ్య.”

“బళ్ళో పాట పాడతారు కదా, పొద్దున్న? నాకోసం ఓపాలి పాడతావా? గట్టిగా.”

పిల్ల తల్లి వైపు చూసింది. తల్లి తలూపింది. పిల్ల చేతులు కట్టుకుని మొదలుపెట్టింది. మొదటి వరస తేటగా వచ్చింది. రత్నం కళ్ళు మూసుకుంది. పాట పైకి ఎక్కేచోట పిల్ల ఆగింది. గొంతు సవరించుకుని మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. మళ్ళీ అక్కడే ఆగింది.

“ఇంకొక్కపాలి, నా తల్లి,” అంది రత్నం, కళ్ళు తెరవకుండా.